ఊరి నడిబొడ్డున నాలుగైదు రాత్రులు: అపార్ట్‌మెంటా, హోటలా? ఏ వీధి, ఏ అంతస్తు?

"సిటీ సెంటర్‌లోనే, అన్నిటికీ దగ్గర" అన్న ఒక్క మాట చూసి బుక్ చేసేసేవాళ్లే ఎక్కువ. కానీ బస బాగుంటుందా లేదా అన్నది ఆ పేటకున్న పేరును బట్టి ఉండదు. ఒకే బిల్డింగ్‌లో, ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉన్న రెండు ఫ్లాట్లలో ఒకదాంట్లో హాయిగా నిద్ర పడుతుంది, రెండోదాంట్లో తెల్లవార్లూ కన్ను మూతపడదు. తేడా ఒక్కటే: ఒకదాని కిటికీలు లోపలి వైపు, రెండోదాని కిటికీలు వీధి వైపు. అందుకే ఎంపిక రెండు దఫాలుగా జరగాలి. అసలు అపార్ట్‌మెంట్ మీకు గిట్టుబాటవుతుందా అన్నది ముందు తేల్చుకోండి. దాన్ని తేల్చేది ఎంతమంది, ఎన్ని రాత్రులు అన్న రెండు అంకెలే. ఆ తర్వాత వీధి, కిటికీ, అంతస్తు. ఫోటోలో మెరిసే సోఫా, గోడ మీద బొమ్మ, కాఫీ మిషన్ చూడటం చివరాఖర్న.

ముందు లెక్క

సైట్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే "రాత్రికి ఇంత" అన్న అంకెతో పోలిక మొదలుపెడితే మొదటి అడుగే తప్పు పడుతుంది. అపార్ట్‌మెంట్‌కు శుభ్రం చేసే రుసుము ఉంటుంది. అది ఒక రాత్రి ఉన్నా పది రాత్రులున్నా ఒక్కటే. దాని మీద బుకింగ్ సైట్ సేవా రుసుము. చాలా నగరాల్లో మనిషికి, రాత్రికి ఇంతని పర్యాటక పన్ను కూడా ఉంటుంది. కొన్నిచోట్ల అది ఆన్‌లైన్ మొత్తంలో కలవదు, దిగాక చేతికివ్వాలి.

ఏ కరెన్సీ అయినా సరే, ఈ లెక్క చూడండి. అపార్ట్‌మెంట్ రాత్రికి 100, శుభ్రం చేయడానికి 60, ఈ రెండూ కలిపిన దాని మీద సేవా రుసుము 14 శాతం. అదే పేటలో హోటల్ గది అన్నీ కలిపి రాత్రికి 130. ఇద్దరు మనుషులు రెండు రాత్రులుంటే అపార్ట్‌మెంట్ 296, హోటల్ 260. అంటే తక్కువ ధర చూపించిన అపార్ట్‌మెంటే ఎక్కువ పడింది. ఐదు రాత్రులుంటే అపార్ట్‌మెంట్ 638, హోటల్ 650. ఇద్దరికైతే ఐదో రాత్రి దగ్గర గానీ తక్కెడ ఇటు మొగ్గదు, అదీ ఆ కాస్తే.

ఇప్పుడు మనుషుల్ని నలుగుర్ని చేయండి. హోటల్లో రెండు గదులు కావాలి, రాత్రికి 260. నలుగురు పట్టే అపార్ట్‌మెంట్‌కు అద్దె 140 అనుకున్నా, రెండు రాత్రులకు అన్నీ కలిపి 388. హోటల్ 520. నలుగురైతే మొదటి రాత్రి నుంచే అపార్ట్‌మెంట్ గెలుస్తుంది. కాబట్టి ఒక్కరో ఇద్దరో మూడు రాత్రుల లోపు ఉండేటట్టయితే హోటలే చూడండి. ముగ్గురు దాటితే, లేదా ఐదు రాత్రులు దాటితే అపార్ట్‌మెంట్ వెతకడంలో అర్థం ఉంది.

ఈ లెక్కకు అందనివి మూడున్నాయి. ఒకటి, బాత్రూమ్. రెండు హోటల్ గదులంటే రెండు బాత్రూములు. నలుగురి అపార్ట్‌మెంట్‌లో చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. మనిషికి ఇరవై నిమిషాలనుకుంటే అందరూ తయారయ్యేసరికి గంటా ఇరవై నిమిషాలు. పొద్దున్నే ఏడింటికి బయల్దేరాల్సిన రోజుల్లో అది చిన్న విషయం కాదు. రెండు, సామాను. చెకౌట్ పదకొండింటికి, రైలు రాత్రి ఎనిమిదింటికి అయితే హోటల్ రిసెప్షన్‌లో పెట్టెలు వదిలి తిరగొచ్చు. అపార్ట్‌మెంట్‌లో తర్వాత వచ్చేవాళ్ల కోసం శుభ్రం చేసేవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారు. స్టేషన్ లాకర్ ఎక్కడుంది, మీ పెద్ద పెట్టె అందులో పడుతుందా అన్నది ముందే చూసుకోవాలి. మూడు, అర్ధరాత్రి ఏదైనా పాడైతే ఎవర్ని లేపాలి? హోటల్లో కింద మనిషి ఉంటాడు. అపార్ట్‌మెంట్‌లో ఒక ఫోన్ నంబరు ఉంటుంది, అవతల ఎత్తితే ఎత్తినట్టు.

ఈ మూడూ ముఖ్యమైనవాళ్లకు మధ్యేమార్గం సర్వీస్ అపార్ట్‌మెంట్, అంటే రిసెప్షన్ ఉండి, గదిలోనే చిన్న వంటగది ఉండేది. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో మొదటిసారి ఆ నగరానికి వెళ్తుంటే ధర కాస్త ఎక్కువైనా మా ఓటు దీనికే. సామాను దాస్తారు, తాళం పోతే ఇంకోటిస్తారు, గీజర్ పనిచేయకపోతే గది మారుస్తారు. విడి అపార్ట్‌మెంట్‌లో గది మార్చడమన్న మాటే లేదు.

ఇక "కాస్త దూరంగా తీసుకుంటే చవక కదా" అన్న ఆలోచన. పైన చెప్పిన 100 అపార్ట్‌మెంట్‌కు బదులు, మెట్రోలో నలభై ఐదు నిమిషాల దూరంలో 70కి దొరికిందనుకోండి. ఐదు రాత్రులకు 171 మిగులుతుంది. రోజుకు గంటన్నర చొప్పున ఐదు రోజుల్లో ఏడున్నర గంటలు ప్రయాణంలో పోతాయి. ఆ 171లోంచి మనిషికి రోజుకు రెండు టికెట్లు తీసేయండి. ఆఖరి మెట్రో వెళ్లిపోయాక పట్టుకున్న టాక్సీలూ తీసేయండి. నలుగురైతే మిగులు దాదాపు ఆవిరైపోతుంది. దానికన్నా పెద్ద నష్టం మధ్యాహ్నం విశ్రాంతి. నడిబొడ్డున ఉంటే ఎండలో తిరిగొచ్చి గంట పడుకుని మళ్లీ బయల్దేరొచ్చు. దూరంగా ఉంటే పొద్దున పోయినవాళ్లు రాత్రికే తిరిగి రావడం. చిన్నపిల్లలూ మోకాళ్ల నొప్పులూ ఉన్న కుటుంబానికి ఆ గంటే అన్నిటికన్నా విలువైనది. అలాంటివేమీ లేని యువకులు స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో దూరపు ఇల్లు తీసుకుంటే తప్పేం లేదు. కానీ ఆఖరి రైలు ఎన్నింటికో చూసి తీసుకోండి.

వీధి వైపా, లోపలి వైపా

నగర కేంద్రంలో చప్పుడు రాత్రంతా ఒకేలా ఉండదు, వంతులవారీగా వస్తుంది. అర్ధరాత్రి దాకా బార్ల బయట నిలబడి మాట్లాడుకునే జనం. ఒంటిగంటకో రెండింటికో బార్లవాళ్లు బల్లలు, కుర్చీలు లోపలికి లాక్కోవడం, ఖాళీ సీసాలు డబ్బాలో గుమ్మరించడం. నాలుగైదింటికి చెత్త బండి. ఆరింటికి దుకాణాలకు సరుకు దించే లారీలు. కార్లు రాని నడక వీధి కదా, ప్రశాంతంగా ఉంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పగలు బండ్లను రానివ్వరు కాబట్టే సరుకంతా తెల్లవారుజామున వచ్చి పడుతుంది. పైగా కార్లు లేనిచోటే కుర్చీలు వీధిలోకొస్తాయి. ఒక మాదిరి ట్రాఫిక్ ఉన్న వీధి రొద ఒక్క తీరుగా ఉండి చెవికి అలవాటైపోతుంది. ఉండుండి పగలబడే నవ్వు, గాజు పగిలిన చప్పుడు నిద్రలోంచి లేపేస్తాయి.

లోపలి వైపు, అంటే బిల్డింగ్ వెనక ఉండే పెరడు వైపు కిటికీలున్న ఫ్లాట్ నిద్రకు చాలా మెరుగు. దానికీ ఖరీదుంది: వెలుతురు తక్కువ, కిటికీలోంచి చూడ్డానికేమీ ఉండదు. ఆ పెరడు మరీ ఇరుకైతే, అంటే రెండు మూడు మీటర్ల గాలి గుంటలా ఉంటే, పై ఇంటి వంట వాసన, కింది ఇంటి మాటలు మీ మంచం దగ్గరికొస్తాయి. పెరట్లో చెట్టుందంటే అది వెడల్పుగా ఉన్నట్టే లెక్క, వెలుతురు పడకపోతే చెట్టు బతకదు.

బుక్ చేయకముందే ఇదంతా కనిపెట్టడానికి దారులున్నాయి. వీధి చిత్రాలు చూపించే మ్యాప్‌లో ఆ బిల్డింగ్ కింది అంతస్తు చూడండి. ఆ చిత్రాలు పగటిపూట తీసినవి. షట్టర్ వేసి ఉన్న దుకాణం మామూలు కొట్టు అనుకుంటాం, కానీ పగలు మూసి ఉండేది రాత్రి తెరుచుకునే బారే అయ్యే అవకాశం ఉంది. షట్టర్ మీది పేరు మ్యాప్‌లో కొట్టి, అది ఎన్నింటికి మూస్తారో చూడండి. మూలన చెత్త డబ్బాల వరస ఉందా, గోడ పక్కన పేర్చిన కుర్చీలున్నాయా గమనించండి. మరో చిక్కు, బుకింగ్ సైట్లు చాలావరకు డబ్బు కట్టేదాకా ఇంటి సరైన చోటు చూపించవు, మ్యాప్ మీద ఒక గుండ్రటి వలయం మాత్రమే గీస్తాయి. ఆ వలయంలోనే బార్ల వీధి, పక్కనే నిశ్శబ్దమైన సందు రెండూ ఉండొచ్చు. "ఏ రెండు వీధుల కూడలికి దగ్గర?" అని యజమానిని అడిగితే చాలామంది చెబుతారు. చెప్పకుండా దాటవేస్తే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు.

"కిటికీలకు డబుల్ గ్లేజింగ్ ఉంది" అంటే సగం సంగతే తెలిసినట్టు. రెండు అద్దాల కిటికీ మూసి ఉన్నప్పుడే చప్పుడాపుతుంది. వేసవిలో ఏసీ లేకపోతే కిటికీ తెరవక తప్పదు, తెరిస్తే అద్దాలు రెండున్నా నాలుగున్నా ఒకటే. కాబట్టి వేసవి ప్రయాణానికి ఈ రెండు ప్రశ్నలూ జంటగా అడగాలి: పడకగది కిటికీ ఎటువైపు? ఏసీ పడకగదిలో ఉందా, హాల్లోనా? కొన్ని ఇళ్లలో ఏసీ అంటే చక్రాల మీద తోసుకునే పెట్టె. దాని వెనక లావుపాటి గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టాలి. అంటే కిటికీ కొంత తెరిచే ఉంటుంది, ఆ పెట్టె మోతా గదిలోనే ఉంటుంది. ఫోటోలో ఏసీ గోడ మీద పైన కనిపించాలి.

మెట్లు, లిఫ్ట్, అంతస్తు లెక్క

యూరప్‌లో చాలా దేశాల్లో కింది అంతస్తు సున్నా. "నాలుగో అంతస్తు" అంటే నాలుగు అంతస్తులు ఎక్కాలి. అమెరికాలో కింది అంతస్తే ఒకటి, నాలుగోది అంటే ఎక్కేది మూడే. కొన్ని పాత బిల్డింగుల్లో సున్నాకీ ఒకటికీ మధ్య లెక్కలోకి రాని అర అంతస్తు ఉంటుంది. అందుకని అంతస్తు సంఖ్య అడగొద్దు, "వీధి తలుపు నుంచి ఇంటి తలుపు దాకా మెట్లెన్ని?" అని అడగండి. ఒక్కో అంతస్తుకు సుమారు పదిహేడు, పద్దెనిమిది మెట్లు. నాలుగంతస్తులంటే దాదాపు డెబ్బై. 23 కిలోల పెట్టెతో ఎక్కేది ఒక్కసారే, కానీ రోజుకు మూడుసార్లు ఒట్టి చేతులతో ఎక్కేది మాత్రం ఐదు రోజులూ ఉంటుంది.

లిఫ్ట్ ఉందన్న మాటనూ విప్పి చూడాలి. పాత బిల్డింగుల్లో తర్వాతెప్పుడో మెట్ల మధ్య ఖాళీలో ఇరికించిన లిఫ్ట్ ముగ్గురికి మించి పట్టదు, పెద్ద పెట్టెతో ఒక్కరు ఎక్కాల్సిందే. అలాంటి లిఫ్టులు కొన్ని అంతస్తు దగ్గర కాక రెండు అంతస్తుల మధ్య మలుపులో ఆగుతాయి, దిగాక మళ్లీ ఏడెనిమిది మెట్లు. లిఫ్ట్ దాకా చేరడానికి గుమ్మం దగ్గర ఐదారు మెట్లున్న బిల్డింగులు ఇంకా ఎక్కువ. వీల్‌చెయిర్ ఉన్నా, పిల్లల బండి ఉన్నా లిఫ్ట్ తలుపు వెడల్పు సెంటీమీటర్లలో రాసివ్వమనండి, మీ బండిని కొలుచుకోండి.

లిఫ్ట్ లేని రెండో అంతస్తా, లిఫ్ట్ ఉన్న పై అంతస్తా అంటే మామూలుగా పైదే మేలు: చప్పుడు తక్కువ, వెలుతురు ఎక్కువ. ఒక్క మినహాయింపు, కప్పు కిందే ఉన్న అటక ఫ్లాట్. ఎండంతా కప్పు పీల్చుకుని రాత్రంతా లోపలికి వదులుతుంది. వాలు కప్పు వల్ల గోడ పక్కన నిటారుగా నిలబడలేరు. ఫోటోలో మంచం తలవైపు కప్పు వంగి కనిపిస్తే, వేసవిలో ఏసీ లేకుండా తీసుకోవద్దు. వీధి మట్టంలో ఉన్న ఫ్లాట్లు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అనుకూలమే. కాకపోతే కిటికీ తెరిస్తే దారినపోయేవాళ్లు లోపలికి చూస్తారు, తాళం, కిటికీ ఊచలు గట్టివేనా అన్నదీ చూసుకోవాలి.

ఫోటో చదవడం

గదులన్నీ వెడల్పు కోణం లెన్స్‌తో తీస్తారు, అందుకే గది పెద్దదిగా కనిపిస్తుంది. కానీ కొలత తెలిసిన వస్తువులు ఫోటోలోనే ఉంటాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వెడల్పు, పొయ్యి ఉన్న గట్టు లోతు మామూలుగా తలా 60 సెంటీమీటర్లు. మంచం పొడవు రెండు మీటర్లు. మంచానికీ గోడకూ మధ్య ఖాళీ వాషింగ్ మెషిన్ వెడల్పు కన్నా తక్కువుంటే అక్కడ పెట్టె తెరిచి పెట్టలేరు. రెండు మంచాల మధ్య దారి ఎంతో, తలుపు మంచానికి తగులుతుందో లేదో ఇలాగే అంచనా కట్టొచ్చు.

ఏ ఫోటో లేదో కూడా చూడండి. పన్నెండు ఫోటోల్లో బాత్రూమ్ ఒక్కటీ లేకపోతే అది మీకు నచ్చదని యజమానికీ తెలుసు. కిటికీకి తెర వేసి ఉన్న ఫోటోలే అన్నీ ఉంటే ఎదురుగా గోడ ఉన్నట్టే. చుట్టుపక్కల స్మారకాల ఫోటోలు ఎనిమిది, ఇంటివి నాలుగు ఉంటే చూపించడానికి ఇంట్లో ఏమీ లేదు.

"నలుగురు పడతారు" అన్న మాట వెనక ఎక్కువగా ఉండేది ఒక పడకగది, హాల్లో ఒక సోఫా బెడ్. సోఫా బెడ్ పరుపు పది, పన్నెండు సెంటీమీటర్ల మందమే ఉంటుంది, మధ్యలో కడ్డీ వీపుకు తగులుతుంది. పదేళ్ల లోపు పిల్లలకు సరిపోతుంది, ఐదు రాత్రులు పెద్దవాళ్లు పడుకోలేరు. మంచం పేరు కాదు, వెడల్పు అడగండి. "డబుల్" అన్నది 135, 140 సెంటీమీటర్లదీ అయి ఉండొచ్చు, అంటే మనిషికి డెబ్బై. ఇద్దరు పెద్దవాళ్లకు 160 ఉండాలి. స్టూడియోలో వంటగది, మంచం ఒకే గదిలో ఉంటాయి కాబట్టి ఫ్రిజ్ గుర్రుమన్నా, నూనె పొగ వచ్చినా నేరుగా మంచానికే. ఇద్దరు మూడు రాత్రులుండటానికి 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు చాలు. ఒకరు తొందరగా పడుకుని, ఇంకొకరు పని చేసుకోవాల్సి ఉంటే మాత్రం తలుపు వేసుకునే పడకగది కావాల్సిందే.

వేడినీళ్లు

ఫిర్యాదుల్లో తరచూ వినపడేది ఇది. పైగా ముందుగా లెక్కగట్టి తప్పించుకోగలిగిన ఇబ్బంది ఇది. 50 లీటర్ల గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు కాగాయనుకోండి. 20 డిగ్రీల చన్నీళ్లు సగానికి సగం కలిపితే 40 డిగ్రీల నీళ్లు 100 లీటర్లు. షవర్ నిమిషానికి తొమ్మిది లీటర్లు పోస్తే కాగితం మీద పదకొండు నిమిషాలు. వాడుతున్నకొద్దీ చన్నీళ్లు లోపలికొచ్చి కలుస్తాయి కాబట్టి నిజానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలే. అంటే ఇద్దరు. మూడో మనిషికి చన్నీళ్లే. మళ్లీ కాగాలంటే ఒకటిన్నర కిలోవాట్ల గీజర్‌కు గంటన్నర పడుతుంది. చలికాలంలో వచ్చే నీళ్లే చల్లగా ఉంటాయి కనుక షవర్ సమయం ఇంకా తక్కువ. నలుగురున్న ఇంటికి 80 లీటర్ల కన్నా తక్కువ గీజర్ ఉంటే ఇద్దరు రాత్రి, ఇద్దరు పొద్దున స్నానం చేయడమే దారి. గ్యాస్‌తో అప్పటికప్పుడు కాచే బాయిలర్ ఉంటే నీళ్లు అయిపోవడమన్నది లేదు. కానీ షవర్ కింద ఒకరుండగా వంటగది కుళాయి తిప్పితే షవర్ చల్లబడిపోతుంది. అలాంటి బాయిలర్ ఇంట్లో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. ప్రాణం తీసే ఆ వాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. అలారం లేదంటే ఎంత నచ్చినా ఆ ఇల్లు వదిలేయండి.

పాత బిల్డింగుల్లో మొత్తం కరెంటు కూడా పరిమితమే. ఇటలీలో ఇళ్లకు మామూలుగా ఇచ్చే కనెక్షన్ 3 కిలోవాట్లు. గీజర్ ఒకటిన్నర, ఇండక్షన్ పొయ్యి రెండు, ఏసీ ఒకటి, మూడూ కలిసి ఆ హద్దు దాటగానే ఇల్లంతా చీకటి. మీట పైకి తోస్తే వచ్చేస్తుంది, కానీ ఆ మీట ఒక్కోసారి ఇంట్లో కాక కింద మీటర్ల గదిలో ఉంటుంది, దాని తాళం మీ దగ్గర ఉండదు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో దిగిన రోజే అడిగి పెట్టుకోండి.

టాయిలెట్ వెనక చిన్న తెల్లటి పెట్టె కనిపిస్తే, అది వ్యర్థాన్ని నలగ్గొట్టి సన్నటి గొట్టంలోకి తోసే మోటారు. పాత ఇంటిని ముక్కలు చేసి కొత్త బాత్రూమ్ పెట్టినచోట ఇది ఉంటుంది. ఫ్లష్ చేసినప్పుడల్లా మిక్సీ మోత. టాయిలెట్ పేపర్ తప్ప ఏది పడినా, తడి గుడ్డ ముక్క పడినా, ఇరుక్కుపోతుంది. బాగు చేయించిన ఖర్చు మీ డిపాజిట్‌లోంచి పోతుంది.

వంటగది, బట్టలు

వంట చేసే ఉద్దేశం లేకపోతే ఈ భాగం వదిలేయొచ్చు. ఉంటే, పొయ్యి ఏ రకమో అడగండి. ఇండక్షన్ అయితే అయస్కాంతం అతుక్కునే అడుగున్న గిన్నెలే వేడెక్కుతాయి, మీరు తీసుకెళ్లే అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. "కిచెనెట్" అంటే చాలాచోట్ల రెండు పొయ్యిలు, ఒక మైక్రోవేవ్, ఒక చిన్న సింకు మాత్రమే. ఉతికి ఆరబెట్టే రెండు పనులూ చేసే మెషిన్ ఉందంటే సంతోషించే ముందు ఒక సంగతి: ఎనిమిది కిలోలు ఉతికే మెషిన్ ఒక్కసారికి ఐదు కిలోల వరకే ఆరబెడుతుంది, మొత్తం నాలుగైదు గంటలు తీసుకుంటుంది. నిండా వేస్తే బయటికొచ్చేవి వేడి వేడి తడి బట్టలు. సగం వేయండి. ప్రయాణానికి ముందు రాత్రి అసలు వేయొద్దు.

అనుమతి ఉన్న ఇల్లేనా

ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నగర కేంద్రాల్లోనే నియమాలు బిగుస్తున్నాయి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం 30 రోజుల లోపు అద్దెకు ఇవ్వాలంటే నమోదు ఉండాలి, యజమాని అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. అక్కడ మామూలు ఇంట్లో "ఫ్లాట్ మొత్తం మీదే, నాలుగు రాత్రులు" అని ఎవరైనా ఇస్తున్నారంటే జాగ్రత్తపడాలి. సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్లను మూడు నెలల లోపు అద్దెకు ఇవ్వడమే కుదరదు, అక్కడ హోటల్‌గానో సర్వీస్ అపార్ట్‌మెంట్‌గానో అనుమతి ఉన్నవే చూసుకోవాలి. జపాన్‌లో 2018 జూన్ నుంచి అమల్లో ఉన్న చట్టం కింద అలాంటి ఇంటిని ఏడాదిలో 180 రోజులే అద్దెకివ్వొచ్చు. లండన్‌లో ప్రత్యేక అనుమతి లేకపోతే ఏడాదికి 90 రాత్రులు. బార్సిలోనాలో పర్యాటక అపార్ట్‌మెంట్ల లైసెన్సులు 2028 చివరికల్లా లేకుండా చేస్తామని అక్కడి మేయర్ 2024లో ప్రకటించారు.

అతిథికి దీంతో ఏం పని అంటే, నమోదు లేని ఇంటిని సైట్ నుంచి తీసేస్తే మీ బుకింగ్ కూడా దాంతోనే పోతుంది. డబ్బు వెనక్కొచ్చినా, ప్రయాణానికి వారం ముందు నడిబొడ్డున అదే ధరకు ఇంకో ఇల్లు దొరకదు. ప్రకటనలో నమోదు సంఖ్య ఉందా చూడండి, ఉంటే ఆ నగరపాలక సంస్థ జాబితాలో వెతకండి. "ఎవరైనా అడిగితే మా చుట్టాలమని చెప్పండి" అని యజమాని అన్నాడంటే ఆ ఇంటికి అనుమతి లేదు.

రద్దు, డిపాజిట్, డబ్బు

రద్దు చేసుకున్నా డబ్బు వెనక్కి రాని బుకింగ్‌కు చాలాచోట్ల సుమారు పది శాతం తగ్గింపు ఇస్తారు. వీసా ఇంకా రాకపోతే ఆ తగ్గింపు వైపు చూడొద్దు. ఉచితంగా రద్దు చేసుకునే గడువు తేదీతో పాటు సమయం కూడా రాసిపెట్టుకోండి, అది సాధారణంగా ఇల్లున్న చోటి గడియారం ప్రకారం. వీసా దరఖాస్తుకు బస పత్రం కావాలంటే అందులో ప్రయాణికులందరి పేర్లూ ఉండాలి. అపార్ట్‌మెంట్ బుకింగుల్లో మామూలుగా ఒక్కరి పేరే పడుతుంది, మిగతావాళ్లవి చేర్చమని ముందే అడగాలి.

"సైట్ బయట నేరుగా పంపిస్తే తగ్గిస్తాను" అన్న సందేశం వస్తే అక్కడితో ఆపేయండి. బయట పంపిన డబ్బుకు సైట్ పూచీ ఉండదు, ఇల్లే లేకపోయినా అడిగే దిక్కుండదు. అనుమానంగా ఉంటే హాల్ ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. అదే సోఫా ఇంకో నగరంలో, ఇంకో పేరుతో కనిపిస్తే సంగతి తేలిపోతుంది.

సమీక్షల్లో ఐదు నక్షత్రాలవి పొగడ్తలు, ఒక్క నక్షత్రానివి కోపాలు. పనికొచ్చేవి మూడు, నాలుగు నక్షత్రాలవి. మీరు వెళ్లే నెలలోనే గతేడాది ఉన్నవాళ్లు రాసినవి చదవండి. చప్పుడు, మెట్లు, వేడినీళ్లు, వాసన, తాళం, ఈ ఐదు మాటల కోసం వెతకండి. ఒక్కరు అంటే అది ఆ రోజు సంగతి. ముగ్గురు వేర్వేరు నెలల్లో అంటే అది ఇంటి సంగతి.

రెండు మూడు ఇళ్లు మిగిలాక అందరికీ ఒకే సందేశం పంపండి, సైట్ లోపలే: "మేం నలుగురం, అందులో ఒకరికి మోకాళ్ల నొప్పి. వీధి తలుపు నుంచి ఇంటి తలుపు దాకా మెట్లెన్ని? పడకగది కిటికీ వీధి వైపా, లోపలి వైపా? కింద బార్ గానీ రెస్టారెంట్ గానీ ఉందా? గీజర్ ఎన్ని లీటర్లు? మేం రాత్రి పదకొండున్నరకు వస్తాం, తాళం ఎలా ఇస్తారు, దానికి అదనపు రుసుముందా? చెకౌట్ రోజు సాయంత్రం దాకా పెట్టెలు పెట్టుకోవచ్చా?" జవాబు సైట్‌లోనే ఉంటే, వెళ్లాక మాట తేడా వచ్చినప్పుడు అదే సాక్ష్యం. ప్రశ్నలకు వరసగా అంకెలతో జవాబిచ్చినవాళ్ల ఇల్లు ధర కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. "అంతా బాగుంటుంది, కంగారు పడకండి" అన్నవాళ్లు గీజర్ ఎన్ని లీటర్లో చెప్పలేదు.

తాళం గోడకు బిగించిన అంకెల పెట్టెలో ఉంటే, ఆ పెట్టె ఫోటో, అంకెలు మొబైల్ డేటా లేకపోయినా తెరుచుకునేలా ఫోన్‌లో భద్రపరచుకోండి. దిగగానే పెట్టెలు విప్పకముందే గదులన్నీ ఒక వీడియో తీయండి: గోడల మీద మరకలు, పగిలిన పలకలు, సోఫా గీతలు, గ్లాసుల అర. వేడినీళ్ల కుళాయి రెండు నిమిషాలు వదలండి, ఏసీ వేయండి, పడకగది కిటికీ మూసి తెరవండి, పొగ అలారం మీది గుండీ నొక్కి మోగుతుందో లేదో చూడండి. ఇళ్లు అద్దెకు ఇప్పించే సైట్ ఎయిర్‌బిఎన్‌బి 2024 ఏప్రిల్ 30 నుంచి ఇళ్ల లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. ఎక్కడైనా కనిపిస్తే ఫోటో తీసి వెంటనే సైట్‌కు చెప్పండి. పాడైంది ఏదున్నా మొదటి రోజే సందేశం పంపాలి. నాలుగో రోజు చెబితే పాడుచేసింది మీరేనంటారు.